కఫీల్‌ని మార్చడం ద్రోహం కాదు

కాస్త పెద్ద పోస్టే. చాయ్ పెట్టుకుని తీరిగ్గా చదవండి. కోపం వస్తే కింద రాయండి, కాని చివరిదాకా చదివి రాయండి.

పోయిన వారం సహాయనిధి కమిటీ ముందుకు ఒక దరఖాస్తు వచ్చింది. మన బస్తీ కుర్రాడే. సౌదీలో ఒక కంపెనీలో ఏసీ మెకానిక్కుగా చేశాడు. నాలుగు నెలలు జీతం ఇవ్వలేదు. ఐదో నెల క్యాంపు వదిలి బయట పని చూసుకున్నాడు. కంపెనీవాళ్ళు 'పనికి రాకుండా పారిపోయాడు' అని రాయించారు. కొన్నాళ్ళకు చెకింగులో దొరికాడు. వేలిముద్రలు తీసుకుని ఇంటికి పంపేశారు. ఇక్కడ ఏజెంటు కోసం తెచ్చిన అప్పు మీద వడ్డీ నడుస్తోంది. వాళ్ళమ్మ మనల్ని అడిగింది ఒక్కటే, పిల్లల స్కూలు ఫీజు.

దాని మీద గ్రూపులో వచ్చిన మాటలు అందరూ చూశారు. "కఫీల్‌ని మోసం చేసి పారిపోయినవాడికి సంఘం సొమ్మా?" అని ఒకరు. "ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేసినవాడు" అని ఇంకొకరు. "ఇట్లాంటివాళ్ళ వల్లే గల్ఫులో మనోళ్ళందరికీ చెడ్డపేరు" అని మూడోవారు. దాని కింద వరసగా దండాలు, చప్పట్లు.

ఆ ఫీజు సంగతి కమిటీ చూసుకుంటుంది. నేను రాస్తున్నది ఆ మాటల గురించి. అవి తప్పుడు మాటలు. చట్టం ప్రకారం తప్పు, న్యాయం ప్రకారం తప్పు, మన సంఘం పుట్టుకను బట్టి చూసినా తప్పే.

ముందు ఉప్పు సంగతి. నాలుగు నెలలు జీతం ఇవ్వనివాడి దగ్గర ఇతను తిన్న ఉప్పెంత? ఎండలో మేడల మీద ఏసీలు బిగించి, నాలుగు నెలల చెమట ఆ కంపెనీకి ఇతనే అప్పిచ్చాడు. లెక్క రాస్తే బాకీ ఉన్నది కంపెనీ. బాకీపడ్డవాణ్ణి వదిలేసి, రావలసినవాణ్ణి ద్రోహి అంటున్నాం.

కఫాలా పద్ధతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. గల్ఫులో మన కూలీ ఆ దేశంలో ఉండటానికి హక్కు ఇచ్చేది అకామా. ఆ అకామా కఫీల్ పేరుతో ముడిపడి ఉంటుంది. దాన్ని రెన్యువల్ చేయించవలసింది కఫీలే. చాలా ఏళ్ళు, ఇంకో కంపెనీకి మారాలంటే పాత కఫీల్ ఎన్‌ఓసీ ఇవ్వాలి, మనోళ్ళ భాషలో తనాజుల్ ఇవ్వాలి. ఇవ్వకపోతే రెండే దారులు. నోరు మూసుకుని అక్కడే పడి ఉండటం, లేదా అన్నీ వదిలి ఇంటికి రావటం. మూడో దారి మనోళ్ళే వేసుకున్నారు, ఖల్లివెల్లి. అరబ్బీలో 'వదిలెయ్, పోనీ' అనే అర్థం వచ్చే ఆ మాట, కఫీల్‌ని వదిలి కాగితాల్లేకుండా బతికే మనిషికి పేరైపోయింది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. ముంబైలో మన తాతలు ఎట్లా బతికారు? గిర్నీ గేటు దగ్గర పొద్దున్నే బద్లీ కోసం నిలబడ్డారు. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని తిప్పి పంపాలో జాబర్ ఇష్టం. ఆ జాబర్‌కు దస్తూరీ ముట్టజెబితేనే సాంచా దొరికేది. ఒక గిర్నీలో పొసగకపోతే ఇంకో గిర్నీకి పోయారు. అక్కడ మన ఊరాయన ఉంటే మాట వేయించుకున్నారు. దాన్ని ఎవరూ ద్రోహం అనలేదు. బతుకుతెరువు అన్నారు. 1982 జనవరిలో సమ్మె మొదలై గిర్నీలు ఆగిపోయినప్పుడు, ఇదే బస్తీలవాళ్ళు మారని పని లేదు. అట్లా మారినవాళ్ళ బిడ్డలమే మనం. భివండీ పవర్‌లూమ్‌ల వైపు చుట్టాలున్నవాళ్ళను అడగండి, పేష్గీ తీరకుండా సేటును మార్చలేకపోవటం ఎంత నరకమో చెబుతారు. పేష్గీని తిట్టే నోటితోనే కఫీల్‌కు వత్తాసు పలుకుతామా?

ఇంకో మాట. ఇది కొందరికి గుచ్చుకుంటుంది. మన సంఘంలోనే, అమెరికాలో హెచ్‌-1బీ మీద ఉన్న పిల్లలు కంపెనీ మారితే ఇక్కడ స్వీట్లు పంచుతాం. "మావాడు జంప్ చేశాడు, ప్యాకేజీ పెరిగింది" అని గర్వంగా చెబుతాం. అక్కడ 2000లో వచ్చిన చట్టం వల్ల, ఉన్న హోదా చెల్లుబాటులో ఉండగా కొత్త కంపెనీ పిటిషన్ దాఖలు చేస్తే, అది మంజూరయ్యేదాకా ఆగకుండానే కొత్త చోట పని మొదలుపెట్టొచ్చు. ఉద్యోగం పోయినవాళ్ళకు 2017 నుంచి 60 రోజుల దాకా గడువు ఉంది. మంచిదే. ఆ పిల్లలు బాగుండాలి. కాని ఏసీ గదిలో కూర్చునేవాడు యజమానిని మారిస్తే 'కెరీర్', ఏసీలు బిగించేవాడు మారిస్తే 'పరార్'. ఈ తేడా చట్టంలోది కాదు, మన కళ్ళలోది. చదువుకున్నవాడి పక్కన లాయరు ఉంటాడు, హెచ్‌ఆర్ ఉంటుంది. మనవాడి పక్కన ఎవరుండాలి? సంఘమే కదా?

ఇక చట్టం దగ్గరికి వస్తాను. గ్రూపులో తీర్పులు చెప్పినవాళ్ళకు 2020 తర్వాత గల్ఫులో ఏం మారిందో తెలిసినట్టు లేదు.

సౌదీ. 2021 మార్చి 14 నుంచి కొత్త పద్ధతి అమల్లో ఉంది. ఒక యజమాని దగ్గర ఏడాది పూర్తయిన కార్మికుడు, కాంట్రాక్టు ముగిశాక పాత కఫీల్ ఒప్పుకోకపోయినా ఇంకో కంపెనీకి మారొచ్చు. కాంట్రాక్టు నడుస్తుండగా కూడా 90 రోజుల నోటీసుతో మారే వీలుంది. మధ్యలో వెళితే కాంట్రాక్టులో రాసుకున్న పరిహారం మీద పడొచ్చు, అది చూసుకోవాలి. అంతకంటే ముఖ్యమైనది వినండి. వరసగా మూడు నెలలు జీతం ఇవ్వకపోతే, ఏడాది నిండకపోయినా, పాత యజమాని ఒప్పుకోలుతో పని లేకుండా మారొచ్చు. దేశంలో దిగిన మూడు నెలల్లో కాంట్రాక్టును ఆన్‌లైన్‌లో నమోదు చేయకపోయినా అంతే. అకామా గడువు తీరిపోయినా అంతే.

మన కుర్రాడికి జీతం రానిది ఎన్ని నెలలు? నాలుగు. చట్టం అడిగింది మూడు. అంటే నాలుగో నెలలోనే, క్యాంపు నుంచి కాలు బయట పెట్టకుండా, దొంగలా దాక్కోకుండా, కొత్త కంపెనీకి వెళ్ళే హక్కు అతనికి ఉంది. చెప్పినవాడే లేడు. ఏజెంటు చెప్పలేదు. క్యాంపులో తోటివాళ్ళకు తెలియదు. ఊళ్ళో ఇంత పెద్ద సంఘం ఉంది, అదీ చెప్పలేదు. ఇప్పుడు అదే సంఘం వాణ్ణి ద్రోహి అంటోంది.

ఖతర్. 2020 సెప్టెంబరులో ఎన్‌ఓసీ తీసేశారు. ఇంటిపనివాళ్ళకు కూడా. రెండేళ్ళ లోపు పని చేసినవాడు నెల నోటీసు, అంతకంటే ఎక్కువ చేసినవాడు రెండు నెలల నోటీసు ఇచ్చి మారొచ్చు. 2021 మార్చి నుంచి కనీస మూలవేతనం 1000 రియాళ్ళు.

యూఏఈ. 2022 ఫిబ్రవరి 2 నుంచి కొత్త కార్మిక చట్టం. ప్రొబేషన్‌లో ఉన్నవాడు అక్కడే ఇంకో కంపెనీకి వెళ్ళాలంటే నెల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. అతన్ని తెచ్చుకోవటానికి పాత కంపెనీ పెట్టిన ఖర్చు, వేరే ఒప్పందం లేకపోతే, కొత్త కంపెనీయే ఇవ్వాలి, కార్మికుడు కాదు. పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోవటం చట్టవిరుద్ధం.

బహ్రెయిన్ 2009లోనే ఈ దారి తెరిచింది. ఒమాన్‌లో 2021 జనవరి నుంచి కాంట్రాక్టు ముగిస్తే ఎన్‌ఓసీ అక్కర్లేదు. కువైట్ మాత్రం ఇంకా బిగుసుకునే ఉంది. పైగా 2025 జులై 1 నుంచి కంపెనీ వీసా మీద ఉన్నవాళ్ళు దేశం దాటి బయటికి రావాలన్నా యజమాని మంజూరు చేసిన ఎగ్జిట్ పర్మిట్ కావాలి. అక్కడికి పిల్లల్ని పంపేవాళ్ళు ఇది తెలిసే పంపాలి.

"అన్నీ కాగితం మీదే బాబూ, అక్కడ కఫీల్ చెప్పిందే చట్టం" అంటారు కొందరు పెద్దలు. ఈ మాటలో నిజం ఉంది, దాన్ని నేను దాచను. నోటీసు ఇచ్చిన మర్నాడే అకామా రద్దు చేయించే యజమానులున్నారు. మారతానన్నవాడి మీద ఎదురు కేసుగా 'పరారీ' ఫిర్యాదు పెట్టేవాళ్ళున్నారు. ఎన్‌ఓసీ తీసేసిన తర్వాత కూడా ఖతర్‌లో యజమాని సంతకం ఉన్న రాజీనామా కాగితం తెమ్మని తిప్పారని మానవహక్కుల సంస్థలు రాశాయి. సౌదీలో 2021 సంస్కరణ డ్రైవర్లకు, ఇంటిపనివాళ్ళకు, తోటమాలికి, గొర్రెలకాపరికి వర్తించలేదు. మన దగ్గర్నుంచి వెళ్ళేవాళ్ళలో ఇట్లాంటి పనులకు పోయేవాళ్ళు తక్కువేమీ కాదు. వాళ్ళకు రూల్స్ వేరు, కష్టం ఎక్కువ.

కాని ఈ వాదన ఎటు తేలుతుంది? తలుపు బిగుసుకుపోయి ఉంది కాబట్టి గోడ దూకమనా? తలుపు ఎంత తెరుచుకుంటే అంతే తోసుకుని పోవాలి. కనీసం తలుపు ఎటుందో చెప్పాలి. చట్టం సగమే పని చేస్తుందన్న మాట, ఆ సగాన్ని కూడా తెలియనివ్వకుండా ఉంచటానికి సాకు కాకూడదు.

గోడ దూకినవాడికి పోయేదేమిటో కూడా చెప్పాలి. సౌదీలో అకామా ఒకరి పేరున ఉండి ఇంకొకరి దగ్గర పని చేయటమే నేరం. కాబట్టి బయట పని ఇచ్చినవాడు జీతం ఎగ్గొడితే ఫిర్యాదు చేయటానికి కూడా మనవాడు భయపడతాడు. ఆ సంగతి వాడికీ తెలుసు. ఒంట్లో బాగాలేకపోతే ఆసుపత్రి గేటు దగ్గరే అకామా అడుగుతారు. ఇంట్లో తల్లి పోయినా రాలేడు. క్షమాభిక్ష ప్రకటించేదాకా ఎదురు చూడాలి. 2024లో కువైట్, యూఏఈ రెండూ ప్రకటించాయి. అన్ని దేశాలూ, అన్ని ఏళ్ళూ ప్రకటించవు. వేలిముద్రలు తీసుకుని పంపేస్తే మళ్ళీ ఆ దేశంలో పని దొరకటం కష్టం. పాత కంపెనీ దగ్గర రావలసిన జీతం, సర్వీసు డబ్బులు అక్కడే ఆవిరైపోతాయి.

అందుకే ఒక్క ముక్క గుర్తుంచుకోండి, అందరికీ చెప్పండి. ముందు కాగితం, తర్వాత కాలు.

సౌదీలో ఈ ముక్క అర్థమేమిటంటే ఇది. కొత్త కంపెనీ కివా పోర్టల్‌లో బదిలీ కోరుతుంది. కార్మికుడు తన ఖాతాలోకి వెళ్ళి ఒప్పుకోవాలి. దానికి అబ్షర్ ఖాతా తన సొంత ఫోను నంబరు మీద ఉండాలి. కంపెనీ మందూబ్ నంబరు మీదో, గదిలో ఇంకెవరి నంబరు మీదో ఉంటే తాళం వాళ్ళ చేతిలో ఉన్నట్టే. కొత్త కంపెనీ నితాకత్‌లో విదేశీయుణ్ణి తీసుకోగలిగే స్థాయిలో ఉండాలి. బదిలీ ఫీజు కొత్త యజమానే కట్టాలని అక్కడి కార్మిక చట్టంలోనే ఉంది. "తనాజుల్‌కు ఇన్ని వేల రియాళ్ళు నువ్వే ఇయ్యి" అంటే అది దోపిడీ. బదిలీ మంజూరయ్యేదాకా పాత చోట హాజరు మానకూడదు. మానితే యజమానికి 'పనికి రావటం లేదు' అని రాసే అవకాశం మనమే ఇచ్చినట్టు. ఒకవేళ రాసినా చేతులెత్తేయొద్దు. బదిలీకో, ఫైనల్ ఎగ్జిట్‌కో 60 రోజుల గడువు ఉంటుంది. ఆ రోజుల్లో పరుగెత్తవలసింది ఎంబసీకి, లేబర్ ఆఫీసుకు. స్నేహితుడి గదికి కాదు. జీతం బాకీ మీద ఫిర్యాదు పెడితే మొదట రాజీకి 21 రోజులు చూస్తారు, కుదరకపోతే లేబర్ కోర్టుకు పోతుంది. జీతం పడ్డ, పడని నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, కాంట్రాక్టు ఫొటో, అకామా ఫొటో ఇంటికి వాట్సాప్‌లో పంపి ఉంచాలి. క్యాంపులో సామాను పోయినా సాక్ష్యం పోకూడదు.

ఇప్పుడు అసలు దొంగ దగ్గరికి వస్తాను. ఆజాద్ వీసా. "ఏ కంపెనీ గొడవా ఉండదు, నచ్చిన చోట పని చేసుకోవచ్చు" అని అమ్ముతారు. అట్లాంటి వీసా అనేదే లేదు. ఎవడో కఫీల్ తన పేరున వీసా తీయించి, మనవాణ్ణి బయట వదిలేసి, ఏటా డబ్బు గుంజుతాడు. అంటే విమానం దిగిన రోజే మనవాడు ఖల్లివెల్లి. ఏజెంట్లు కార్మికుడి దగ్గర తీసుకోగలిగినది చట్టం ప్రకారం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, రసీదుతో. మన బస్తీల్లో 30,000తో గల్ఫుకు వెళ్ళినవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. విజిట్ వీసా మీద పంపి "అక్కడికి పోయాక మార్పిస్తాం" అనేవాళ్ళు వేరే. పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉంటుంది. ఈమైగ్రేట్‌లో క్లియరెన్సు లేకుండా అతన్ని పనికి పంపకూడదు. దాన్ని తప్పించుకోవటానికే ఈ విజిట్ వీసాలు.

ఈ ఏజెంట్లు ఎక్కడో లేరు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి దేవగిరి ఎక్కి దిగే పిల్లల కోసం ముంబైలో ఆఫీసులు తెరిచినవాళ్ళలో మనవాళ్ళూ ఉన్నారు. బతుకమ్మ స్టేజీ బ్యానరు మీద ఎవరి ఫొటో వేస్తున్నాం? వార్షికోత్సవానికి శాలువా ఎవరికి కప్పుతున్నాం? లైసెన్సు నంబరు అడిగామా ఎప్పుడైనా? పేర్లు రాయను, అవసరం లేదు, ఎవరికి వారికి తెలుసు. పారిపోయిన కుర్రాణ్ణి నిలదీసే ధైర్యం, వాణ్ణి పంపినవాడి ముందు ఎందుకు మూగబోతుంది?

మనలాంటి వలస ఊళ్ళవాళ్ళకు ఇంకో చిక్కు ఉంది. గల్ఫులో చనిపోయినవారి కుటుంబానికి 5 లక్షలు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం 2024లో ప్రకటించింది. అది తెలంగాణవాళ్ళకు. మూడు తరాలుగా వర్లిలోనో, భివండీలోనో ఉంటూ, ఆధార్, పాస్‌పోర్టు ఇక్కడి అడ్రసు మీద ఉన్న మన పిల్లవాడు ఏ లెక్కలోకి వస్తాడు? ఇక్కడి ఆఫీసులో "మీరు తెలుగువాళ్ళు కదా" అంటారు, అక్కడి ఆఫీసులో "మీరు మహారాష్ట్ర కదా" అంటారు. ఇట్లా రెండు చోట్లా గడప బయట నిలబడేవాళ్ళ కోసమే సంఘాలు పుట్టాయి. ఉగాది పచ్చడి పంచటానికి మాత్రమే పుట్టలేదు.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ నాలుగు తీర్మానాలు పెడుతున్నాను. బలపరిచేవాళ్ళు ఇక్కడే పేరు రాయండి.

ఒకటి. దేశం వారీగా యజమానిని మార్చే పద్ధతి ఒక్కో పేజీలో అచ్చు వేయాలి. తెలుగులోనే కాదు, మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవటం రాదు, కాబట్టి హిందీ, మరాఠీల్లోనూ వేయాలి. చదవలేనివాళ్ళ కోసం ఆడియో కావాలి. రూల్స్ మారుతుంటాయి కాబట్టి ఆరు నెలలకోసారి సరిచూడాలి.

రెండు. వెళ్ళే ప్రతి ఒక్కరి కాంట్రాక్టు, వీసా, ఏజెంటు లైసెన్సు నంబరు సంఘం ఆఫీసులో ఒకసారి చూడాలి. లైసెన్సు నంబరు ఈమైగ్రేట్ సైటులో అయిదు నిమిషాల్లో తేలుతుంది. ప్రవాసీ భారతీయ బీమా చేయించారా అని అడగాలి. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలే ప్రీమియం, ప్రమాదంలో పోతే 10 లక్షలు. యజమాని మారినా ఆ బీమా పోదు. ఈ ఒక్క మాట తెలియక ఎంతమంది రెన్యువల్ చేయించుకోవటం లేదో ఆలోచించండి.

మూడు. లైసెన్సు లేని ఏజెంటు దగ్గర చందా తీసుకోకూడదు, వేదిక ఎక్కించకూడదు. పండుగ చిన్నగా జరిగితే జరగనీ.

నాలుగు. సహాయనిధి నిబంధనల్లో "పారిపోయినవారికి వర్తించదు" అని చేర్చాలని గ్రూపులో వచ్చిన ప్రతిపాదనను తిరస్కరించాలి. జీతం ఎగ్గొట్టిన కంపెనీ రాయించిన మాటను మనం తీర్పుగా తీసుకోకూడదు. సహాయం అడిగినవాణ్ణి "ఎందుకు పారిపోయావు" అని కాదు, "ఎన్ని నెలలు జీతం రాలేదు" అని అడగాలి.

"దీనివల్ల పిల్లలు చిన్న మాటకే కంపెనీలు మార్చేస్తారు" అని ఒక పెద్దాయన నాకు ఫోనులో చెప్పారు. మార్చనివ్వండి అన్నా. కూలి ఎక్కువ వచ్చే చోటికి పోవటం తప్పైతే, మన తాతలు ఊరు దాటి ఈ ముంబై రావటమే మొదటి తప్పు. మంచి కంపెనీని ఎవరూ ఊరికే వదలరు. జీతం సమయానికి వేసి, అకామా సమయానికి చేయించి, పాస్‌పోర్టు చేతిలో పెట్టే యజమాని దగ్గర మనవాళ్ళు పది, పదిహేనేళ్ళు ఉన్నారు, ఉంటున్నారు. తలుపు తీసి ఉన్నా మనిషి ఆగితే అది నమ్మకం. తాళం వేసి ఆపితే అది చెర.

చెరలోంచి బయటికి వచ్చినవాణ్ణి ద్రోహి అనే సంఘంలో చప్పట్లు కొట్టటం నాకు చేతకాదు. సమావేశానికి రండి. వ్యతిరేకించేవాళ్ళు కూడా రండి. వచ్చేటప్పుడు మీ బస్తీలో గల్ఫుకు బ్యాగు సర్దుకుంటున్న కుర్రాళ్ళను ఇద్దరిని వెంట తీసుకురండి. వాళ్ళ ముందే మాట్లాడుకుందాం.